వెనక్కి నడిచిన పెళ్లి

ఆ శుక్రవారం నేను చేసిన తప్పు ముందే ఒప్పుకుంటున్నాను. చక్కగా జరిగిపోయిన ఒక పెళ్లిని, నిండు ఇంట్లో, వియ్యపురాలి ఎదుట, వెనక్కి నడిపించాను. పెళ్లికూతురిని మళ్లీ పుట్టింటికి చేర్చేదాకా వదల్లేదు.

నాది మెదక్‌లో ఎరువుల దుకాణం. పక్క మడిగ దర్జీ యూసుఫ్‌ది. అతని కూతురు నస్రీన్‌ను ఎల్దుర్తి అబ్బాయికిచ్చి చేశారు. ఫొటోలను పుస్తకంగా అచ్చు వేయిద్దామనుకున్నప్పుడు నేను అడ్డంపడ్డాను. అప్పటికి పేజీల డిజైన్ మీద రెండు వీడియోలు చూసి ఉన్నాను మరి. రెండు వీడియోలు చూసినవాడికి ఉండే ధైర్యం జీవితమంతా ఆ పనే చేసినవాడికి ఉండదు, గమనించండి.

"పేజీలన్ని నేనే పేరుస్త. ఒక్కో పేజీ ఒక్కో తీరుగుంటది," అన్నాను.

"సరే పటేలా. గని జెర మా తరీఖల ఉండాలె," అన్నాడు యూసుఫ్.

తరీఖా అంటే పద్ధతి. ఏ పద్ధతి అని అడిగితే నా తెలివికి అవమానం కదా! నేనే ఆలోచించాను. వాళ్లింట్లో ఉర్దూ పుస్తకాలు కుడి నుంచి తెరుచుకుంటాయి. అంతే, బుర్రలో మెరుపు మెరిసింది. పెళ్లిని కుడి చివర మొదలుపెట్టి ఎడమకు నడిపించాను. ముందు అట్టను మాత్రం మార్చడం మరిచి, తెలుగు పుస్తకానికి ఉండేచోటే వదిలేశాను. చొక్కాను వెనక్కి తిప్పి కుట్టి, కాలరు మాత్రం ముందుకు పెట్టినట్టన్నమాట.

పెళ్లయ్యాక కొన్ని శుక్రవారాలు అల్లుడినీ వియ్యాలవారినీ పిలిచి దావత్ ఇస్తారు. దాన్ని జుమాగీ అంటారు. నన్నూ పిలిచిన ఆఖరి జుమాగీ నాటికి పుస్తకం అందింది. యూసుఫ్ దాన్ని గర్వంగా వియ్యపురాలి చేతిలో పెట్టాడు. కోడలికి పుట్టింటి మీదే పాణమని ఆమెకు అప్పటికే అనుమానం. నస్రీన్ తలుపు పక్కన నిలబడి అత్తగారి ముఖమే చూస్తోంది.

వియ్యపురాలు అట్ట తెరిచింది. మొదటి ఫొటోలో, ఎల్దుర్తి గడపలో, కోడలికి తానే మిఠాయి తినిపిస్తోంది.

"అరె, మొదలు నేనేనా!" అని మురిసిపోయి పేజీ తిప్పింది. నస్రీన్ తండ్రి భుజం మీద వెక్కివెక్కి ఏడుస్తోంది.

"మా మిఠాయి తిని గిట్లేడ్సిందా?"

"కాదు బెహెన్, గది..." అన్నాడు యూసుఫ్.

మరో పేజీలో ఖాళీ పళ్లేలు, చీకి పడేసిన బొక్కలు. ఆ తర్వాత అవే పళ్లేలు బిర్యానీతో నిండిపోయాయి. నిఖా అయ్యాక గోరింటాకు. గోరింటాకు తర్వాత తెల్లటి చేతులు. చివర్లో నస్రీన్ తల్లి ఒడిలో తల పెట్టి హాయిగా నవ్వుతోంది. చుట్టూ నేను చల్లిన గులాబీలు, గుండెలు.

పుస్తకం టప్పున మూతపడింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఆ మనిషి, నాకూ అర్థం కావాలని కాబోలు, తెలుగులోనే అందుకుంది.

"మిఠాయి తిన్నది, ఏడ్సింది, మెహందీ కడుక్కున్నది, అమ్మ ఒళ్లె పడ్డది! పిల్లను వాపస్ తీస్కునేదుంటే నోటితోని చెప్పుండ్రి భాయ్‌సాబ్. పుస్తకం అచ్చేసి చెప్పుడేంది?"

నస్రీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. యూసుఫ్ నావైపు తిరిగాడు.

"ఏంది పటేలా ఇది?"

"మీ తరీఖ," అన్నాను పీలగా.

"మా తరీఖనా! పూలు, గుండెకాయలు గుమ్మరియ్యకు, సాదాగ ఉంచుమని నా మతలబు, గంతే!"

అవి కూడా గంపెడు గుమ్మరించానని అప్పుడు గుర్తొచ్చింది. నేను పారిపోవడానికి చెప్పులు వెతుక్కుంటుండగా, మంచం మీద కూర్చున్న యూసుఫ్ తల్లి చేయి చాపింది.

"ఇటు తేండ్రి."

ఉర్దూ తప్ప ఇంకోటి చదవని ఆ పెద్దావిడ, అలవాటు కొద్దీ పుస్తకాన్ని వెనకవైపు నుంచి తెరిచింది. తల్లి ఒడి, మెహందీ, నిఖా, బిర్యానీ, బొక్కలు, ఏడుపు... అన్నీ దాటి ఎల్దుర్తి గడప దగ్గరికి వచ్చి ఆగింది.

"కితాబు సీదానే ఉన్నది. మీరే ఉల్టా సూస్తున్నరు."

వియ్యపురాలు ఈసారి అటునుంచి మొదలుపెట్టింది. ఆఖరి పేజీ మీద ఆమె చేయి చాలాసేపు ఆగిపోయింది. నోట్లో మిఠాయితో కోడలు నవ్వుతోంది.

"ఏడ్పు నా చేతుల్నే బంద్ అయ్యిందన్నట్టు," అంది మెల్లగా. "అంత దూరం నిలవడ్డవేంది బేటీ? ఇటొచ్చి కూసో."

మర్నాడు దుకాణం తెరవలేదు. నస్రీన్ పెళ్లిబట్టల్లో మిగిలిన ఎర్రగుడ్డతో యూసుఫ్ చేత కొత్త అట్టగుడ్డ కుట్టించి, కుడి నుంచి తెరుచుకునేలా నేనే అంటించాను. దానిమీద పెద్దావిడ ఉర్దూలో పెళ్లిజంట పేర్లు రాసింది. ఎల్దుర్తి పోయి, వియ్యపురాలికి పుస్తకాన్ని రెండు చేతులా అందించి మాఫీ అడిగాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా చిన్నోని పెండ్లికి సుత నువ్వే చెయ్యాలె పటేలా. మా తరీఖల."

తరీఖా అంటే ఏమేమిటో అడుగుతూ అక్కడే కూర్చున్నాను. పోసిన చాయ్ చల్లారింది, ఆమె ఓపిక కూడా చల్లారింది, నేను మాత్రం లేవలేదు.

తిరిగొచ్చి, ఎవరైనా 'మా పద్ధతి' అంటే అదేమిటో అడగకుండా మౌస్ ముట్టనని యూరియా బస్తా మీద చేయి వేసి ప్రమాణం చేశాను. బస్తా సీదాగా ఉందో, ఉల్టాగా ఉందో చూసుకున్న తర్వాతే లెండి.