మేకు కథలో నేను చెప్పని భాగం

గత నెలలో ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగుతుండగా మా అమ్మాయి దగ్గర నుంచి ఫోనుకు రెండు సినిమా టికెట్లు వచ్చాయి. నాన్నా, నా చిన్నప్పటి జపాన్ సినిమా మళ్ళీ థియేటర్‌కి వచ్చింది, మధ్యాహ్నం ఆటకు నువ్వూ నేనూ వెళ్దాం అని కింద రాసింది. అమెరికాలో ఈ క్యారీ ఊళ్ళో నాతోపాటు పిల్లల్ని పెంచిన నా ఈడువాళ్ళకు ఆ సినిమా ఏదో చెప్పనక్కరలేదు. శనివారాలు లైబ్రరీవాళ్ళు పిల్లలకు బొమ్మల సినిమాలు వేసే రోజుల్లో ఆ మడత కుర్చీల్లో మనమంతా కూర్చున్నవాళ్ళమే. ఇరవై నాలుగేళ్ళ కూతురు తండ్రిని సినిమాకు పిలిచినందుకు సంతోషించవలసినవాణ్ణి, కప్పు పక్కన పెట్టి, పెరటి కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను.

మన తెలుగు బృందంలో మేకు కథ వినని వాళ్ళు లేరు. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి వేలెడంత మేకు కొట్టి, మా పెరట్లో రెండంతస్తుల ఇంటికన్నా ఎత్తున్న ఓక్ చెట్టును చంపేసిందన్న కథ అది. తలా ఒక వంట తెచ్చుకుని కలిసే ప్రతి పాట్‌లక్‌లోనూ నేనే చెప్పేవాణ్ణి, బాగా చెప్పేవాణ్ణి, చివర్లో అందరూ నవ్వేవారు, మా అమ్మాయి తల వంచుకుని తనూ నవ్వేది. ఆ కథ అబద్ధం. నవ్విన వాళ్ళందరికీ నిజం తెలియాలని ఇప్పుడు రాస్తున్నాను.

మేము ఈ ఇల్లు కొన్న కొత్తలో నాకు ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు, ఆ ఉద్యోగం పోతే వెంటనే దేశం వదలాలి, గ్రీన్‌కార్డ్ ఎప్పటికి వస్తుందో చెప్పేవాడు లేడు. మన వాళ్ళలో సగంమంది పరిస్థితి అప్పుడదే గనుక ఆ భయం గురించి ఎక్కువ చెప్పను. గృహప్రవేశం రోజున, మా ఆఫీసులోనే పనిచేసే వరంగల్ మిత్రుడు పులిహోర ప్లేటు పట్టుకుని ఇంటి వెనక చెక్క డెక్ మీద నిలబడి పెరడంతా ఒకసారి కలయజూశాడు.

"అన్నా, ఈశాన్యంల గంత పెద్ద చెట్టు పెట్టుకొని గ్రీన్‌కార్డ్ వస్తలేదంటే ఎట్లొస్తది? నీ ఫైలు ఆ కొమ్మలల్లనే ఇరుక్కున్నట్టుంది."

అందరం నవ్వాం. కానీ తర్వాతి ఏడాది మా ఆఫీసులో ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి పంపించేయడం మొదలైనప్పుడు ఆ మాట నాకు నిద్రలేవగానే గుర్తొచ్చేది. ఎవరికీ చెప్పకుండా హైదరాబాదులో ఒక వాస్తు సిద్ధాంతికి ఫొటోలు పంపాను. ఈశాన్యంలో బరువుండకూడదు, ఆ మూల తెరిపిగా ఉండాలి, చెట్టు తీయిస్తే ఆర్నెల్లలో ఫలితం కనబడుతుందని ఆయన ఫోనులో చెప్పాడు. తీయించడమే కష్టమైంది. బతికున్న పెద్ద చెట్టును కొట్టడానికి మా కాలనీ అసోసియేషన్ ఒప్పుకోదు. చెట్టు చచ్చిందనో చస్తోందనో ఒక నిపుణుడు రాసిస్తే మాత్రం వెంటనే అనుమతి ఇస్తారు.

ఆ మార్చిలోనే మా అమ్మాయి బడిలో పక్షులకు గింజలు పెట్టే చెక్క గూడొకటి చేసి తెచ్చింది. దాన్ని ఓక్ చెట్టుకే తగిలించాలని పట్టుబట్టింది. నేను స్టూలు పట్టుకుంటే తనే ఎక్కి, నాలుగు దెబ్బలు తప్పి అయిదో దెబ్బకు మేకు దించింది. మరుసటి శనివారం లైబ్రరీలో ఆ సినిమా చూశాం. బొగ్గు కాల్చుకుని బతికే కొండవాళ్ళ కథ. వాళ్ళు ఒక చెట్టు కొట్టినప్పుడల్లా ఊళ్ళో ఎవరో ఒకరికి నీడ పోతుంది. నీడ పోయినవాళ్ళు మామూలుగానే తింటారు, నవ్వుతారు, పనికి వెళ్తారు, ఎవరూ గమనించరు. చివరకు బోడికొండ మీద, పోయిన నీడలన్నీ నిట్టనిలువుగా లేచి అడవిలా నిలబడతాయి, ఊరివాళ్ళు కట్టెలు ఏరుకోవడానికి వాటి మధ్య నుంచే నడిచి వెళ్తుంటారు. ఆ చివరి దృశ్యంలో సంగీతం లేదు. లైబ్రరీలో పిల్లలంతా గోల చేస్తూనే ఉన్నారు గానీ, మా అమ్మాయి మాత్రం నా చొక్కా చెయ్యి పట్టుకుని కదలకుండా కూర్చుంది.

ఆ తర్వాత రోజూ బడి బస్సు కోసం ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలబడ్డప్పుడు ముందు తన నీడ చూసుకునేది, తర్వాత వాళ్ళమ్మది, తర్వాత నాది. లెక్క సరిపోయాక బస్సెక్కేది. మేము దాన్ని ఆటగా తీసుకున్నాం.

ఏప్రిల్‌లో ఒక శనివారం మా ఆవిడ అమ్మాయిని భరతనాట్యం క్లాసుకు తీసుకెళ్ళింది. పట్టపగలు, మంచి ఎండ, పక్కింట్లో గడ్డి కోసే యంత్రం చప్పుడు. ఆ చప్పుడులో కలిసిపోతుందని నేను డ్రిల్లు తీసుకుని చెట్టు మొదట్లో, వేళ్ళు మొదలయ్యే చోట చుట్టూ చిల్లులు వేసి, కొట్టేసిన మొద్దులు మళ్ళీ చిగురించకుండా చంపే మందు పోసి, మట్టి కప్పి, మీద ఎండుటాకులు సర్దాను. చిన్నప్పుడు మా నాన్నగారు దూలానికని వేపచెట్టు కొట్టించినప్పుడు వడ్రంగి చేసిన పని నాకా సమయంలో గుర్తొచ్చింది. గొడ్డలి ఎత్తేముందు చెట్టుకు పసుపు రాసి, ఇందులో కాపురమున్నవాళ్ళు దయచేసి వెళ్ళిపోండి, మా తప్పు కాయండి అని దండం పెట్టాడు. నేను పెట్టలేదు. దండం పెడితే చేస్తున్నదేమిటో ఒప్పుకున్నట్టవుతుంది.

చెట్టు చావడం నేనెప్పుడూ చూడలేదు. అంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలియదు. ముందు మా ఇంటి వైపున్న కొమ్మలే ఎండాయి, అవతలివైపు నిండు పచ్చగా ఉంది. మే నెలాఖరుకు గాలి లేకుండానే ఆకులు రాలేవి, కాగితాలు నలిపిన చప్పుడుతో. ఉడతలు ఫెన్స్ దాకా వచ్చి ఆగి, చెట్టు వైపు కాసేపు చూసి వెనక్కి వెళ్ళిపోయేవి. చెక్కగూటిలో గింజలు ఎన్ని రోజులైనా అలాగే ఉండేవి. ఒక పొద్దున డ్రైవ్‌వేలో నీడలు లెక్కబెడుతూ మా అమ్మాయి నాది మాత్రం రెండుసార్లు చూసింది.

"నాన్నా, నీ షాడో కొంచెం లైట్‌గా ఉంది," అని చాలా మామూలుగా చెప్పి బస్సెక్కింది.

నేను వంగి చూసుకున్నాను. మబ్బు పట్టింది గనుక అంతేనని అనుకున్నాను. ఆకాశంలో మబ్బు ఉందో లేదో మాత్రం తలెత్తి చూడలేదు.

జూన్‌లో నిపుణుడు వచ్చి, చిటారు కొమ్మలకేసి చూసి, ఇక లాభం లేదని రాసుకుంటుంటే మా అమ్మాయి మా ఇద్దరి మధ్యకొచ్చి నిలబడింది.

"నాన్నా, ఇట్ ఈజ్ మై నెయిల్, రైట్?"

కాదని ఒక్కమాట అంటే సరిపోయేది. డెక్ మీద మా ఆవిడ నన్నే చూస్తోంది, ఆ నిపుణుడు కూడా రాయడం ఆపాడు. వేరే కారణం ఎవరూ వెతకకుండా ఉండడానికి ఒక కారణం నా ఎదుటికి నడిచొచ్చింది.

"అయ్యుండొచ్చు బంగారం. నువ్వు కావాలని చెయ్యలేదుగా, పర్లేదు," అన్నాను.

నా తప్పుకు ఆ పిల్లను క్షమించాను.

చెట్టు కొట్టే రోజు దాకా బడి నుంచి రాగానే మా అమ్మాయి దాని ముందు నిలబడి చేతులు జోడించి సారీ చెప్పేది. దండం పెట్టమని ఎవరూ నేర్పలేదు. చెట్టు తీసేశాక, మునుపు మధ్యాహ్నం పూట నీడ పడే మేరా గడ్డి మాడిపోయింది, మాను, కొమ్మలు అన్నీ గుర్తుపట్టేలా. మందు వల్లనో, నీడకు అలవాటుపడ్డ గడ్డికి ఎండ తగలడం వల్లనో అయ్యుంటుంది. కొత్త గడ్డి పరిచినా రెండు వేసవులు అదే ఆకారం పైకి తేలింది. నా ఉద్యోగం పోలేదు. గ్రీన్‌కార్డ్ మాత్రం మరో ఆరేళ్ళకు, వరుసలో నా ముందువాళ్ళకు వచ్చాకే వచ్చింది. అదే నెలలో వరంగల్ మిత్రుడికీ వచ్చింది, వాళ్ళింటి ఈశాన్యంలో పైనింకో గది కట్టిన గరాజ్ ఉంది.

ఆ ఆదివారం సినిమా అయ్యాక ఎండలో నిలిపిన కారులో కూర్చున్నాం. మా అమ్మాయి బెల్టు పెట్టుకుంటూ, నా మేకు గుర్తుందా అని నవ్వింది. అప్పుడు చెప్పాను, డ్రిల్లు, మందు, శనివారం, అన్నీ. స్టీరింగ్ మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నెయిల్ కొడితే ట్రీ చావదని నాకు తెలుసు నాన్నా. ఫిఫ్త్ గ్రేడ్‌లోనే చదివాను."

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్పావు కదా నా వల్లే అని. నెయిల్ కాకపోతే మరి నేనే కదా. నా చేతుల్లో ఏదో ఉంది అనుకున్నా. కాలేజ్ డార్మ్‌లో రూమ్మేట్ ప్లాంట్ ఇస్తే టచ్ కూడా చెయ్యలేదు."

నాకప్పుడు మా కరివేపాకు కుండీ గుర్తొచ్చింది. కూర తాలింపు వేస్తూ వాళ్ళమ్మ నాలుగు రెబ్బలు తుంచుకు రమ్మంటే ఏనాడూ తెచ్చేది కాదు, నువ్వే కోసుకో అని గదిలోంచే అరిచేది. ఆకు తుంచడానికి కూడా బద్ధకమా, అమెరికా పిల్ల అనిపించావు అని తిట్టేవాళ్ళం. ఎక్కువగా తిట్టింది నేనే.

నన్ను ఇంటి దగ్గర దించి, లోపలికి రాకుండా వెళ్ళిపోయింది. మా ఆవిడకు ఆ సాయంత్రమే చెప్పాను. తొమ్మిదో రోజున అమ్మాయి ఫోను చేసి ఎన్ని చిల్లులు, ఏ మందు, నాకు నువ్వు అలా చెప్పినప్పుడు మనసులో ఏమనుకున్నావు అని ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ ఉన్నదున్నట్టు జవాబు చెప్పాను. ఇప్పుడు మళ్ళీ ఆదివారాలు వస్తోంది, అన్నం తింటోంది, వాళ్ళమ్మతో నవ్వుతోంది. నాతోనూ మర్యాదగానే ఉంటుంది.

చిన్నప్పుడు నేను వాన వచ్చేలా ఉందంటే, కిటికీ వైపైనా చూడకుండా వెళ్ళి గొడుగు తెచ్చుకునేది. మొన్న వెళ్ళబోతుంటే వానొస్తుందేమోనమ్మా అన్నాను. సరే నాన్నా అని, గుమ్మంలో ఆగి, ఫోను తీసి వాన ఉందో లేదో చూసుకుంది.