ఎర్ర పట్టీ లేని చెట్టు

కరీబియన్ సముద్రంలోని బెక్వియా దీవిలో ఆర్నెల్లుగా ఊరందరి బెంగా ఒకటే, వెర్లిన్ ఒలివియర్ ఏడవలేదని. మే నెలలో ఆమె భర్త ఆర్టన్ పడవకి తారు పూస్తూ గుండె ఆగి పోయాడు. సమాధి దగ్గర ఊరంతా ముక్కు చీదుతుంటే, ఆమె మాత్రం అందరికీ కాఫీ అందిందా లేదా అని చూసుకుంది. మనసు మొద్దుబారిపోయింది. రొట్టెపండు కాల్చుకు తిన్నా రుచి తెలిసేది కాదు.

ఎదురింటి మెర్ల్ ఊరుకునే రకం కాదు.

"ఒసే వెర్లినూ, గుండెలో రాయి పెట్టుకున్నావా ఏమిటే? ఒక్కసారి ఏడ్చెయ్యి, తేలికపడతావు."

"రాకపోతే ఏం చెయ్యనక్కా? ఉల్లిపాయలు తరగమంటావా?"

పంతొమ్మిదేళ్ళుగా ఆమె తీరంలో కుర్చీలు, గొడుగులు అద్దెకిస్తోంది. వచ్చిన యాత్రికులందరికీ ఒకటే పాఠం. "ఎండ ముదిరితే నీడకి వచ్చెయ్యండి. ఆ రాళ్ళ అవతలికి ఈదకండి, నీరు లోపలికి లాగేస్తుంది. సాయంత్రం దోమల మందు మళ్ళీ రాసుకోండి. ఎర్ర పట్టీ ఉన్న చెట్టు కింద నిలబడకండి." నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలదు.

ఆ చెట్టు పేరు మాంచినీల్. నీడ చక్కగా ఉంటుంది, కాయ చూస్తే నోరూరుతుంది. దాని పాలు తగిలితే మాత్రం ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. వానలో ఆకుల మీంచి కారే నీళ్ళూ అంతే. ఏటా నవంబరులో, యాత్రికులు దిగకముందే, ఆర్టన్ తీరంలోని ఎనిమిది చెట్లకీ ఎర్ర రంగుతో పట్టీలు వేసేవాడు. ఈ ఏడు రంగు డబ్బా గుంజల మీది ఇంటి కిందే ఉండిపోయింది. ఉప్పుగాలికి పాత పట్టీలు వెలిసి బెరడులో కలిసిపోయాయి. ఊళ్ళో ఒక్కరూ గమనించలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ చెట్టుని చూడగానే పక్కకి తప్పుకునేవాళ్ళకి పట్టీతో పనేమిటి? వెర్లిన్ కూడా పాఠం చెప్పిందే గానీ, చెట్ల వంక చూడలేదు.

డిసెంబరు మొదటి వారంలో కెనడా నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మహా జాగ్రత్త మనిషి. వెడల్పాటి టోపీ, మూత తియ్యని నీళ్ళ సీసా, సంచీ నిండా మాత్రలు. వెర్లిన్ పాఠాన్ని కాగితం మీద రాసుకున్నాడు కూడా. మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దంచి కొట్టింది. ఆమె గొడుగులు ముడుస్తూ తలెత్తేసరికి ఆయన మాంచినీల్ కింద నిలబడి ఉన్నాడు.

"అయ్యా, అక్కణ్ణుంచి వచ్చెయ్యండి!" అని అరుస్తూ పరిగెత్తింది. అప్పటికే నిలువునా తడిశాడు.

సబ్బు పెట్టి, బకెట్ల కొద్దీ మంచినీళ్ళు పోసి కడిగింది. భుజాలు కందిపోయాయి, కళ్ళు మూసుకుపోయాయి.

"నువ్వు చెప్పినట్టే చూశానమ్మా," అన్నాడాయన. "చెట్టు చుట్టూ తిరిగి చూశాను. ఎర్రగా ఏమీ కనపడలేదు."

తిట్టనైనా తిట్టలేదు. జీపులో ఆసుపత్రికి తీసుకెళ్తే, చూపు సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు.

తప్పు తనదేనని వెర్లిన్‌కి తెలుసు. తెలిసింది గానీ, లోపల ఎక్కడా గుచ్చుకోలేదు. ఆమెకి భయం వేసింది అందుకే.

మర్నాడు పొద్దున్నే ఇంటి కింద నుంచి డబ్బా లాగింది. ఆర్టన్ కుంచె గట్టిపడిపోతే గుడ్డ రంగులో ముంచి పట్టీలు వేసింది. ఎనిమిదో చెట్టు దగ్గర మోచెయ్యి తగిలి చిన్న కొమ్మ విరిగి, పాలు చేతి మీద పడ్డాయి. చూసుకోకుండా అదే చేత్తో ముఖం మీది చెమట తుడుచుకుంది, ఊరికి పాఠాలు చెప్పే మనిషి! కళ్ళు భగ్గుమన్నాయి. నీళ్ళు ధారగా కారుతుంటే ఇసుకలో కూలబడింది.

అటుగా వస్తున్న మెర్ల్ పరుగున వచ్చి వాటేసుకుంది.

"ఏడువమ్మా, ఏడువు! అమ్మయ్య, ఇన్నాళ్ళకి!"

"సబ్బు తేవే అక్కా, మంట."

"మంటే మరి, మొగుణ్ణి పోగొట్టుకున్న మంట ఊరికే పోతుందా? ముందు కరువుతీరా ఏడువు, సబ్బు తర్వాత తెస్తాను."

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. వెర్లిన్ ఏడ్చిందట, ఆర్టన్ పట్టీలు వేసిన చెట్టు కిందే ఏడ్చిందట. చేపల పులుసు తెచ్చినవాళ్ళు, ఆమె వాచిన కళ్ళు చూసి తామూ ఇంకోసారి ఏడ్చి, తేలికైన మనసుతో ఇళ్ళకి వెళ్ళారు. మూడో రోజున పెద్దాయన చూపుకి ఢోకా లేదని కబురొచ్చింది. వెర్లిన్ "మంచిది" అంది. పులుసు తాగింది. రుచి తెలియలేదు. ఆ కన్నీళ్ళు తనవి కావని, చెట్టువని, ఆమె ఎవరికీ చెప్పలేదు.