మీసం పందెం

కోరుట్లలో నాకు కోపిష్టి మాస్టారనే పేరుండేది. నిజమే, కాదనను. కానీ మార్కండేయులు బొమ్మల బండి బడి ముందు ఆగిందంటే ఆ రోజు నా బెత్తానికి సెలవు. కిటికీలకు గొంగళ్లు కట్టించి, పట్టపగలే గదిని చీకటి చేసి, పిల్లలకంటే ముందు నేనే కూర్చునేవాడిని. గింజ మొలకెత్తడం, కప్ప గుడ్లలోంచి తోకకప్పలు రావడం, చంద్రుడు పెరిగి తరగడం, రాజులు కోటలు కట్టడం... అన్నీ పదేసి నిమిషాల సినిమాలు. నెల్లాళ్లు గొంతు చించుకున్నా ఎక్కని పాఠం ఆ పది నిమిషాల్లో ఎక్కేది. నాకు కాస్త కుళ్లుగా కూడా ఉండేదనుకోండి.

మార్కండేయులుది సిరిసిల్ల. పదేళ్లకే మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడు. సాంచాలనే కరెంటు మగ్గాలొచ్చి చేతిమగ్గం మూలపడ్డాక, ఎవరెవరి కాళ్లు పట్టుకున్నాడో ఏమో, సర్కారు బండిలో ప్రొజెక్టరు నడిపే పని సంపాదించాడు. మొదటి నెలలో రీలు తెగితే చేసిన ఘనకార్యం తనే చెప్పి నవ్వేవాడు. నేతగాళ్లు తెగిన పోగులు అతికేటప్పుడు వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. ఈయనా అలవాటు కొద్దీ బూడిద వేళ్లతోనే రీలు పట్టాడు. ఇంకేముంది, రీలంతా గీతలు! తెర మీద గింజ మొలిచే చోట ఒకటే వాన. ఆఫీసరు పెట్టిన చీవాట్లకు అంతులేదట.

తర్వాత బ్లేడుతో అంచు గీకి, జిగురు రాసి అతకడం నేర్చుకున్నాడు. ఆ పనిలో ఆయనంతటివాడు లేడు. “సారూ, ఏలుతోని రాసి సూడుండ్రి. అతుకు దొర్కిందా, నా మీసం గొరిగిచ్చుకుంట!” అని పందెం కాసేవాడు. వచ్చినప్పుడల్లా రాసి చూసేవాడిని. ఒక్కసారీ గెలవలేదు.

నలిగినచోట కోసేసిన జానెడు ముక్కల్ని మాత్రం పారేసేవాడు కాదు. చిత్తుపోగును కూడా దాచుకునే ఇంట్లో పుట్టాడాయె, చేతులు రాలేదు. ఒక బిస్కెట్ల డబ్బాలో వేసుకునేవాడు.

సిరిసిల్ల, జగిత్యాల కల్లోలిత ప్రాంతాలని సర్కారు ప్రకటించిన మరుసటి ఏడు ఆ డబ్బానే కొంప ముంచింది. అప్పుడు ఊళ్లలో సంఘాలు, అడవిలో అన్నలు, రోడ్ల మీద పోలీసులు. ఊరూరా తిరిగేవాణ్ని ఎవరు నమ్ముతారు? అడవి అంచునున్న బీర్పూర్ నుంచి తిరిగొస్తుంటే పోలీసులు బండి ఆపి వెతికారు. డబ్బాతో, మిషనుతో సహా మనిషిని ఠాణాకు పట్టుకుపోయారు.

మర్నాడు పొద్దున్నే ఆయన భార్య ఎల్లవ్వ మా గడపలో కూలబడింది. “సారూ, నువ్వు సదువుకున్నోనివి. జెర అచ్చి చెప్పు, నీ కాల్మొక్త.” ఆ రోజుల్లో ఠాణాకు పోయినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. ఆమె వెంట వెళ్లాను.

ఎస్సై ఈ ప్రాంతంవాడు కాదు. ఒక ముక్కను కిటికీ వెలుతురులో పట్టి చూస్తున్నాడు. “గుట్టలు, పొగ, ఈటెలు పట్టుకున్న మనుషులు. ఎవరికి చేరేస్తున్నావురా అంటే పోగులంటాడు, బూడిదంటాడు. ఏంటి మాస్టారూ ఇదంతా?”

“కోట సినిమాలోవి సార్. పిల్లల పాఠం.” నా కోపమంతా ఏమైపోయిందో, పీలగొంతు వచ్చింది.

ఎల్లవ్వే నయం. “అయ్యా, గాయన చిత్తుపోగు సుత పారెయ్యడు! మా ఇంటికచ్చి సూడుండ్రి, డబ్బలకు డబ్బలే!” అని అరిచింది.

గోడవారన కూర్చున్న మార్కండేయులు అప్పుడు నోరు విప్పాడు. చేతులు కండువా కింద పెట్టుకున్నాడు. “సార్, గా ముక్కలన్ని అతికి ఏసి చూపెడ్త. మీరే సూడుండ్రి. గంట టైమియ్యుండ్రి.”

ఇచ్చారు. మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. గంట పోయింది, రెండు పోయాయి, మూడూ పోయాయి. అంత పనిమంతుడు ఇంత నాన్చుతాడేమిటని నాకు విసుగొచ్చింది కూడా. సిగ్గు విడిచి చెబుతున్నాను.

తలుపులు మూసి గోడ మీద వేశాడు. అంతా కలిపి ఒక్క నిమిషం. గింజ తల ఎత్తబోతే దాని మీదికి కప్ప దూకింది, ఈటె విసిరినవాడు చంద్రుడి మీద పడ్డాడు. కానిస్టేబుళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. అతుకు వచ్చినప్పుడల్లా బొమ్మ ఎగిరిపడుతోంది. మార్కండేయులు వేసిన రీలు ఎగరడం నేనెప్పుడూ చూడలేదు.

తలుపు తీశారు. “అతుకులు సక్కగ రాలే సార్,” అన్నాడాయన తలొంచుకుని. “మాఫ్ చెయ్యుండ్రి.”

అప్పుడు చూశాను ఆ వేళ్లు. వాచిపోయి ఉన్నాయి. గోళ్ల కింద నల్లగా నెత్తురు గడ్డకట్టింది. ఎస్సై కూడా చూశాడు. మొహం అటు తిప్పుకుని, “తీసుకెళ్లండి మాస్టారూ,” అన్నాడు.

రెండు నెలలకు బండి మళ్లీ మా బడికి వచ్చింది. ముక్కల రీలు వేస్తే పిల్లలు పడీ పడీ నవ్వారు, ఇంకోసారి వేయమని గోల చేశారు. ఆట అయ్యాక మార్కండేయులు ఆ రీలు నా ముందు పెట్టాడు.

“ఏలుతోని రాసి సూడుండ్రి సారూ.”

నేను చేయి వెనక్కి తీసుకున్నాను. ఆయన ఊరుకోలేదు, నా వేలు పట్టి తనే రాయించాడు. ప్రతి అతుకూ తగిలింది.

“గిన్నేండ్లకు గెల్సిండ్రు సారూ! మంగలిని పిలువుండ్రి,” అని మీసం మీద చేయి వేసుకుని నవ్వాడు. నా బెత్తానికి హడలిపోయే పిల్లలందరి ముందూ, కండువా నోట్లో కుక్కుకుని నేను వెక్కి వెక్కి ఏడ్చాను.