సిరంజిలు నలగ్గొట్టిన ఇమా తంబాల్

మా వీధిలో ఎవరైనా కరెంటు స్తంభాన్ని రాయితో టంగుటంగున కొడితే ఆడవాళ్లందరూ మగ్గాలు వదిలి బయటికి రావాల్సిందే. ఇంఫాల్ శివార్లలో ఏ వీధికి వెళ్లినా ఇదే తంతు. మా వీధిలో పదేళ్లపాటు ఆ రాయి పట్టింది ఇమా తంబాల్. ఇమా అంటే అమ్మ. నలభై మంది ఆడవాళ్లకు ఆమె మాటే శాసనం. ఎవరి జేబులో మత్తుమందు సిరంజి దొరికినా స్తంభం దగ్గర నిలబెట్టి, వాళ్ల కళ్లముందే దాన్ని వడ్లు దంచే రోకలితో నుగ్గు చేసేది.

నేను మత్తుమందు మానేసినవాణ్ణి. మానలేనివాళ్లకు కొత్త సిరంజిలిచ్చి వాడినవి వెనక్కి తీసుకోవడం నా ఉద్యోగం. ఒకరి రక్తంలోని హెచ్ఐవీ ఇంకొకరికి ఎక్కకూడదని. ఒకసారి నా సంచీ కూడా ఆ రోకలి కింద పడింది.

“విషం అమ్మేవాడు ఒకడు, గరిటెలు పంచేవాడివి నువ్వా కెషో?”

“గరిటె దొరక్కపోతే ఎంగిలి గరిటెతో తింటారు ఇమా.”

“నోరు మూసుకుని పో. మళ్లీ కనిపిస్తే గుండు గీయిస్తా!”

అందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు సనాథోయ్ నా దగ్గర ఎప్పుడూ సిరంజి తీసుకోలేదు. వెదురు పొదలో దాచిన ఒకే సిరంజిని ఇంకో ముగ్గురితో కలిసి వాడేవాడు. జబ్బు బయటపడ్డ రోజు ఆసుపత్రిలో తల్లి ముందే అడిగాను, “నా దగ్గరికి ఎందుకు రాలేదురా?” అని.

“తెచ్చుకుని ఎక్కడ పెట్టుకోను అన్నా? ఆ ఇంట్లోనా?” అన్నాడు.

ఇమా గోడవైపు తిరిగి నిలబడింది. మందులు మొదలుపెట్టేసరికే ఆలస్యమైంది. క్షయ కూడా తోడై, వానలు పడకముందే పోయాడు.

కొడుకు పోయాక ఆమె ఇంకా కఠినంగా ఉంటుందని అందరం అనుకున్నాం. ఒక మధ్యాహ్నం స్తంభం మోగింది. బట్టలు కుట్టే లెంబి దగ్గర నేనిచ్చిన రెండు సిరంజిలు దొరికాయి. ఆ పిల్లను స్తంభం దగ్గర నిలబెట్టారు. రోకలి తెచ్చి ఇమా చేతికిచ్చారు. అది ఇవాళ పడితే ఈ వీధిలో ఇక ఎవరూ నా దగ్గరికి రారని నాకు తెలుసు.

ఇమా రోకలి పక్కన పెట్టింది. సిరంజిలు తీసి నడుము దగ్గర బట్ట మడతలో దోపుకుంది.

“ఇవి నావి.”

“నీకెందుకు ఇమా ఇవి?” అంది పక్కింటి శాంతిబాల.

“నా ఇంట్లో ఉంటాయి. కావలసినవాళ్లు వచ్చి తీసుకుంటారు. కాదంటే నన్ను నిలబెట్టండి స్తంభం దగ్గర.”

ఎవరూ నిలబెట్టలేదు. ఒక్కొక్కరే ఇంటికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరూ ఆమె గుమ్మం తొక్కలేదు. ఆడవాళ్లు కూర్చునే పాకలోంచి ఆమె చాప తీసేశారు. నా సిరంజిల పెట్టె ఇప్పుడు సనాథోయ్ గదిలో ఉంది. లెంబితో కలిపి పన్నెండు మంది వస్తారు. తల వంచుకుని తీసుకుని, తల వంచుకునే పోతారు.

పోయిన వారం పెట్టె నింపుతూ అడిగాను. “మీవాళ్లెవరైనా పలకరిస్తున్నారా ఇమా?”

“ఎవరొస్తార్రా? కూరలో ఉప్పు ఎక్కువైందని తిట్టే మనిషి కూడా లేదు.”

మగ్గం మీద తెగిన నూలు ముడి వేసింది.

“నలభై మంది నా వెనక నడిచినన్నాళ్లూ వాడు ఇంట్లో ఒక్కడే ఉన్నాడు కెషో. ఒక్కళ్లే ఉండటమంటే ఏమిటో నాకిప్పుడు తెలుస్తోంది.”

నేను లేచి సంచీ భుజాన వేసుకున్నాను.

“ఇంకాసేపు కూర్చోరా,” అంది.