ధర్మవరంలో గోడకు అతుక్కుని కొన్న పెళ్లిచీర

ఫోనుకూ ఛార్జరుకూ కూడా జాతకాలు కలవాల్సిన రోజులవి. ఊరందరి ఫోన్లకూ పాత సన్న పిన్ను. కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను మాత్రం హిందూపురంలో సి-పిన్ను ఫోను కొన్నాను. మా వీధిలో అలాంటిది అదొక్కటే. (గర్వపడ్డాను. ఛార్జింగు అయిపోయినప్పుడల్లా ఆ గర్వం కాస్త నెమ్మదించేది.)

అప్పుడే మా పిన్నమ్మ కూతురికి పెళ్లి కుదిరింది. ముహూర్తం చీరకు ధర్మవరం పోవాలి. పెళ్లికూతురికి పసుపు పెట్టేశారు, గడప దాటకూడదు. చూడకుండా కొంటే కట్టనని అది మొండికేసింది. కాబట్టి వీడియో కాల్లో చూపించడానికి ఫోనుతో సహా నేను బయల్దేరాను. శుక్రవారం, పదిన్నరకు రాహుకాలం, ఆలోపే చీర తీసుకోవాలి. పిన్నమ్మది బటన్ల ఫోను. అందులో ముఖాలు కనపడవని నాది తీసుకుని, చీరకు పోతున్న సంగతి బస్సులోంచే చుట్టాలందరికీ చెప్పింది. పెనుకొండ దాటేసరికి బ్యాటరీ ఎర్రబడింది. ధర్మవరంలో చీరలు నేసి అమ్మే మగ్గాలాయన ఇల్లు చేరేసరికి ఫోను కన్ను మూసింది.

"ఛార్జరుకేమి కరువబ్బా!" అని ఆయన బుట్టెడు వైర్లు నా ముందు పోశాడు. ఒక్కటీ దూరలేదు.

"గట్టిగా తొయ్యిరా. సబ్బు రాసి గాజులు ఎక్కించల్లేదా?" అంది పిన్నమ్మ.

చివరికి మగ్గాలాయన భార్య పక్కింటికి పోయి ఒక సి-పిన్ను తెచ్చింది. జానెడు వైరు, మెడ విరిగింది. పైకి వంచి పట్టుకుంటేనే ఛార్జింగు ఎక్కుతుంది. ప్లగ్గేమో తలకంటే ఎత్తున ఉంది. బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు చెయ్యెత్తి, గోడకు అతుక్కుని ఫోను చేశాను.

"అన్నా, నీ ముక్కు తప్ప ఏమీ కనపడల్లేదు. పక్కకు జరుగు," అంది పెళ్లికూతురు.

"జరిగితే నువ్వు పోతావు."

ఫోను చీరల దగ్గరికి పోలేదు కనుక చీరలే ఫోను దగ్గరికి వచ్చాయి. నేను వెనక కెమెరాకు మార్చాను, పిన్నమ్మ ఒక్కొక్కటే భుజాన వేసుకుని నా ముందు నిలబడింది. ఎరుపు వద్దంది పెళ్లికూతురు. పసుపు అందరికీ ఉండాదంది. పిన్నమ్మ ఒక కన్ను గడియారం మీద పెట్టింది. నా చెయ్యి మొద్దుబారింది.

"అమ్మా, నీ వెనకాల వేలాడతాండేది ఎంత బాగుండాది! అదే కావల్ల!"

అందరం అటు చూశాం. ఎదురు గుమ్మానికి పరదా!

"అది పరదా మే!" అని అరిచింది పిన్నమ్మ.

మగ్గాలాయన నవ్వాపుకుంటూ, "ఆ చీరకు జరీ తప్పు పడిందని గుమ్మానికి కట్టుకున్యాం లేమ్మా. అదే పడుగు పోగుల మీద నేసిన మంచిది లోపలుండాది. వచ్చీరాగానే రాగిసంగటి రంగని పక్కకు తోసింది మీరే కదా," అన్నాడు.

పిన్నమ్మ తను తోసిన చీరనే తిరిగి అడిగి తెప్పించింది. (ఆమె చరిత్రలో అది అరుదు.) రాహుకాలం రాకముందే చీరకు పసుపు బొట్టు పెట్టి సంచిలో వేసుకుంది. పెళ్లిలో మాత్రం "నేనే ఏరినా" అని అందరికీ చెప్పింది. చెయ్యి ఇంకా లాగుతున్నందున నేను వాదించలేదు.

ఇప్పుడు దాదాపు అందరి ఫోన్లకూ ఒకటే పిన్ను. అయినా ఆ పెళ్లి ఆల్బం తిప్పినప్పుడల్లా, అందులో ఏ ఫోటోలోనూ లేని ఒక కుర్రాడు నాకు కనిపిస్తాడు. గోడకు అతుక్కుని, చెయ్యెత్తి, విమానం తానే నడుపుతున్నంత గంభీరంగా ముఖం పెట్టి. కాస్త దించుకో నాయనా అని చెబుదామనుకుంటాను. దించితే పెళ్లికూతురు పోతుంది కదా అని ఊరుకుంటాను.