అత్తమ్మ పక్కన కూసున్న పొద్దులు

అత్తమ్మ పోయిందన్న కబురు నాకు బస్సులో అందింది. నేను కండక్టర్‌ను. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోతున్నం, పొద్దున పదకొండు దాటింది, లింగంపేట ఇంకా రాలేదు. మా పక్కింటి వదిన ఫోన్ చేసి ఎక్కడున్నవని అడిగింది. డ్యూటీల ఉన్న అని చెప్పిన. "మీ అత్తమ్మ లేస్తలేదు. డాక్టర్‌ను పిలుచుకచ్చినం. పానం లేదన్నడు" అన్నది. సరే వదినా అని ఫోన్ పెట్టేసిన. ముందట ఒక అవ్వ ఆధార్ కార్డు పట్టుకొని నిలబడి ఉంది. ఆడోళ్లకిచ్చే జీరో టికెట్ ఆమెకు కొట్టిచ్చిన. తర్వాత ఆమె వెనకామెకు. ఎల్లారెడ్డి బస్టాండ్ వచ్చేదాకా ఒక్క టికెట్ కూడా తప్పు కొట్టలేదు.

దిగేముందు డ్రైవరన్నకు చెప్పిన. "ఎప్పుడు తెలిసింది?" అన్నడు. లింగంపేటకు ముందు అని చెప్పిన. ఆయన నా మొహం దిక్కు చూసి, బస్సు ఆపుతుంటిని గదా బిడ్డా, అన్నడు. ఆపమని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఇంటికి పోయేసరికి అత్తమ్మను చాప మీద పండబెట్టిన్రు. చుట్టూ కూసున్న మా చర్చి సంఘపోళ్లు, ప్రార్థన చేసుకుంటనే కన్నుమూసింది, ఎంత ధన్యురాలో అని చెప్పుకుంటున్నరు. అది నిజం కాదు. బీడీలకు తునికాకు కత్తిరిస్తూ గోడకు ఒరిగిందని, కళ్లారా చూసిన పక్కింటి వదిన చెప్పింది. నేను ఎవరినీ దిద్దలేదు. మీకు మాత్రం చెప్తున్న. తన గురించి ఉన్నదానికంటే ఎక్కువ చెప్తే అత్తమ్మకు నచ్చేది కాదు.

ఆమెది లింగంపేట దిక్కు ఊరు. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టింది. చదువు రాదు. బైబిల్ నాతోని చదివించుకునేది, నచ్చిన మాట వస్తే "మళ్ల చదువు" అనేది. నేను మాచారెడ్డి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే వాకిట్లో మాటలు వినబడ్డయి. చుట్టాలొచ్చిన్రనుకొని లేచి చూసిన. ఎవరూ లేరు. అత్తమ్మ వాకిలి ఊడ్చి, కొంగు తల మీద కప్పుకొని, గడప పక్కన కూసొని ఉంది.

"ప్రభువా, నిన్న పప్పు మాడింది. కోడలు తిన్నది, ఏమనలే. మంచి పిల్లనే ఇచ్చినవ్. జెర నోరు తెరవమను."

నాకు నవ్వొచ్చింది. ఆమె కండ్లు తెరిచి, "విన్నవ్ గదా, ఇగ తెర్వు" అన్నది.

మా పుట్టింట్లో కూడా ప్రార్థన ఉండేది. కాని అది నేర్చుకున్న మాటల ప్రార్థన. మహిమ, స్తోత్రం, కృప అనుకుంటూ పోతే చివరికి ఆమెన్ వచ్చేది. దేవునితోని పప్పు మాడిన ముచ్చట చెప్పొచ్చని నాకు తెల్వదు. ఇంకో వింత ఏందంటే, ఆమెన్ అన్నంక కూడా ఆమె లేచేది కాదు. ఒకసారి అడిగిన.

"అయిపోయింది గదా అత్తమ్మా, ఇంకా ఎందుకు కూసున్నవ్?"

"నా ముచ్చట నేను చెప్పుకొని లేచొస్తే ఎట్ల? ఆయనకు చెప్పేది ఉంటది గదా."

"ఏమన్నా చెప్తడా?"

"ఎక్కువసార్లు ఏం చెప్పడు. ఉన్నడని మాత్రం తెలుస్తది."

పక్కింటి వదిన మా సంఘంది కాదు, ఆమె దేవుండ్లు ఆమెకున్నరు. అయినా బర్రె ఈనకుంటే వచ్చి, "అత్తా, మీ దేవునికి జెర చెప్పు" అనేది. "నువ్వే చెప్పు, ఆయనకు నీ మాట తెల్వదా?" అని అత్తమ్మ ఆమెను పక్కన కూసోబెట్టుకునేది. ఇద్దరూ కొంగులు కప్పుకొని బర్రె కోసం ప్రార్థన చేస్తుంటే మా ఆయన లోపల నోరు మూసుకొని నవ్వేటోడు.

మా ఆయన అత్తమ్మకు ఒక్కడే కొడుకు. వరికోత మిషన్ నడిపేటోడు. మా పెండ్లయిన ఆరో ఏడు, గాంధారి దిక్కు కోతలకు పోయి వస్తుంటే బండి జారి పడ్డడు. కామారెడ్డిలో మూడు రోజులు దవాఖానల ఉన్నడు. సంఘమంతా వచ్చింది. అత్తమ్మ ఆ మూడు రోజులు వరండాలో నేల మీదనే కూసొని దేవుణ్ని అడిగింది. నేనూ అడిగిన. మూడో రోజు పగటిపూట ఆయన పోయిండు.

మట్టి చేసినంక అయ్యగారు, అంటే మా పాస్టరు, ఇదంతా దేవుని చిత్తమమ్మా అన్నడు. అత్తమ్మ ఆయన దిక్కు చూసి, "అయ్యగారూ, ఇప్పుడు ఆ మాట అనకుండ్రి. నేను ఆయన్నే అడుగుత" అన్నది. గట్టిగ అనలేదు. అయ్యగారు బైబిల్ మూసి చంకల పెట్టుకున్నడు.

నేను ప్రార్థన మానేసిన. మాది పిల్లలు లేని ఇల్లు. ఇద్దరం మిగిలినం. అత్తమ్మ నన్ను ఒక్కసారి కూడా రమ్మని పిలవలేదు. "నీకు రాకుంటే చెయ్యకు. నేను కూసుంట గదా" అన్నది. రోజూ నేను డ్యూటీకి తయారయేటప్పుడు గడప పక్కన ఆమె వీపు కనబడేది. చూస్తే ఒళ్లు మండేది. కొడుకును తీసుకపోయినాయనతోనే ఇంకా ముచ్చట్లు పెడుతున్నదనుకునేదాన్ని. ఎనిమిది నెలలు గట్లనే గడిచినయి.

ఒక సెలవు రోజు ఆమె చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుడుతుంటే నా నోరు ఆగలేదు. "మూడు రోజులు అడిగినవ్. నీ మాట వినలే. ఇంకా ఆయనతోని ఏం ముచ్చట అత్తమ్మా నీకు?"

ఆమె చేతులు ఆగినయి.

"ముచ్చటెక్కడిది బిడ్డా? ఆ దినం నుంచి నాకు ఒక్క మాట వస్తలేదు. పోయి కూసుంట. ఆయన గూడ ఏం అనడు. ఇద్దరం గట్లనే కూసుంటం."

నా వంతు కూడా ఆమె ప్రార్థన చేస్తున్నదని ఎనిమిది నెలలు అనుకున్న.

"మరి ఎందుకు పోతవ్?"

"ఇంకెక్కడికి పోవాలె? వాడు ఎసొంటోడో నాకు తెలుసు, నీకు తెలుసు. ఇగ ఆయనకు తెలుసు. వాని గురించి ఇంకెవరి దగ్గర కూసోవాలె నేను?"

తెల్లారి నేను కూడా పోయి ఆమె పక్కన కూసున్న. కొంగు కప్పుకోలేదు. నాకు కోపం తప్ప ఏం లేదు అత్తమ్మా అన్న. "గదే చెప్పు. మంచియి మాత్రమే చెప్తే చుట్టాలతోని మాట్లాడినట్టు అయితది" అన్నది. నీ మీద నాకు కోపంగున్నది అని బయటికే అన్న. ఇంకేం రాలేదు. చాలాసేపటికి అత్తమ్మే ఆమెన్ అన్నది. తర్వాత మోకాళ్లు పట్టుకొని లేచి చాయ పెట్టింది.

ఆ తర్వాత ఏ పొద్దూ ఆ కూసునుడు తప్పలేదు. నా కోపం ఒక్కసారే పోలేదు, రోజింత చెప్పుకుంటూ పోతే తగ్గింది. ఆ చలికాలంల అత్తమ్మ నోట మొదటి మాట వచ్చింది. "ప్రభువా, వానికి చలి ఎక్కువ. నీకు తెలుసు గదా" అన్నది. అంతే. ఆ రోజు ఇద్దరం ఏడ్చినం. మెల్లమెల్లగా ఆమె ముచ్చట్లన్నీ తిరిగొచ్చినయి, మాడిన పప్పు, పక్కింటి బర్రె, నా డ్యూటీలు, అన్నీ. నాకు కూడా అలవాటైంది. బస్సులో రెండు స్టేజీల మధ్య టికెట్లు అయిపోతే ఆయనతోని మాట్లాడేదాన్ని. ఎవరికీ వినబడదు.

అత్తమ్మను మట్టి చేసిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఆడోళ్లు నా భుజాలు పట్టుకొని, ఏడువు బిడ్డా, లోపల పెట్టుకోకు అన్నరు. లోపల ఏమున్నదో చూద్దామంటే ఏం దొరకలేదు. కాలు తిమ్మిరెక్కితే మనది కానట్టు ఉంటది చూడుండ్రి, మనిషంతా అట్లున్న. వచ్చినోళ్లకు చాయ ఇచ్చిన, గ్లాసులు కడిగిన. అయ్యగారు వచ్చి నా పక్కన బెంచీ మీద కూసున్నడు. ఈసారి దేవుని చిత్తం అనలేదు. "ఏం చెప్పాలో నాకు తెలుస్తలేదమ్మా" అన్నడు. చాలాసేపు కూసొని పోయిండు. అది నాకు మంచిగనిపించింది. ఆ నాలుగు రోజుల్లో నాకు ఏమన్నా అనిపించిందంటే అదొక్కటే.

పొద్దున్నే వాకిలి ఊడ్చి గడప పక్కన కూసుంటున్న. మాటలు వస్తలేవు. కోపం కూడా వస్తలేదు. అయినా కూసుంటున్న. మాటలు లేకున్నా పోవచ్చని, పోయినోళ్లను ఆయన ఎల్లగొట్టడని అత్తమ్మ నాకు నోటితో చెప్పలేదు, ఎనిమిది నెలలు వీపు చూపించి నేర్పింది. ఆమె ఇచ్చిపోయినదాంట్ల నాకు ఇప్పుడు పనికొస్తున్నది అదే.

అయిదో రోజు డ్యూటీకి పోయిన. లింగంపేట దాటినంక టికెట్లు అయిపోయినయి. గడప పక్కన కూసున్నట్టే, మాటలు లేకుండ నా సీట్లో కూసున్న. రోడ్డుకు ఒక పక్క పొడుగునా మక్కలు, మక్కజొన్న గింజలు, ఆరబోసిన్రు. డ్రైవరన్న రెండో పక్కన బస్సును మెల్లగ నడిపిస్తున్నడు. ఎండల పచ్చగ మెరుస్తున్న ఆ మక్కల నడుమ ఒకామె ఉత్త కాళ్లతోని గింజలు తిరగదోస్తూ నడుస్తున్నది. ఆమె వెనక సాళ్లు పడుతున్నయి. బస్సు పక్క నుంచి పోతుంటే ఆగి, చెయ్యి కండ్లకు అడ్డం పెట్టుకొని మా దిక్కు చూసింది. మేము మూల తిరిగేదాకా అట్లనే నిలబడి ఉంది.