వద్దు మామయ్య

ఆ వీధికి ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మ్యాన్‌కు ఒకే ఒక్క మాట మీద మమకారం. ఆ మాట "వద్దు". ఎవరేమిచ్చినా వద్దు. ఇవ్వబోయినా వద్దు. ఇద్దామని మనసులో అనుకున్నా సరే, ఎలా పసిగట్టేవాడో గాని, ముందే వద్దు. పిల్లలు ఆయనకు 'వద్దు మామయ్య' అని పేరు పెట్టారు. ఆ పేరు కూడా వద్దన్నాడు గాని, అప్పటికే వీధంతా అంటుకుపోయింది.

ఈ వద్దుతో అందరికంటే ఎక్కువ విసిగిపోయింది మూడో ఇంటి పిన్ని. నిజానికి ఆమె ఆ ఇంట్లోని ఇద్దరాడపిల్లలకే పిన్ని. వాళ్ల నోట విని వీధిలోని పిల్లలందరూ పిన్ని అనేస్తున్నారు. వరండాలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంటుంది కాబట్టి పోస్ట్‌మ్యాన్ రాకపోకలన్నీ ఆమె కళ్లెదుటే.

"అన్నయ్యా, మంచినీళ్లు తాగి వెళ్లండి."

"వద్దమ్మా."

"పోనీ కాస్త నీడకు రండి. ఎండకి మాడిపోతున్నారు."

"వద్దమ్మా."

"నీడ కూడా వద్దా? అదేమన్నా నేను కుట్టి ఇస్తున్నానా?"

ఆ ప్రశ్నకు వద్దు ఎక్కడ అతికించాలో తెలియక ఆయన గబగబా సైకిలెక్కేశాడు.

ఒకరోజు వాన దంచి కొట్టింది. ఆయన తన రెయిన్‌కోటు విప్పి ఉత్తరాల సంచికి తొడిగాడు. తాను మాత్రం తడిసి ముద్దయ్యాడు. పిన్ని వాళ్ల చూరుకు జానెడు దూరంలో, సరిగ్గా వాన పడేచోటే నిలబడి, చెయ్యి చాపి కవరు అందించాడు.

"చూరు కిందికి రండి మహాప్రభో!"

"వద్దమ్మా, ఇక్కడ బాగానే ఉంది" అని ఆయన తుమ్మాడు. కవరు మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు.

పెద్దమ్మాయి అది చూసి ఊరుకోలేకపోయింది. "పిన్నీ, మనం ఈయనకి ఏదో ఒకటి ఇవ్వాలి."

"ఇవ్వొచ్చే. తీసుకునేవాడు కావద్దూ?"

అయినా వీధి పిల్లలంతా వరండాలో చేరారు. సైకిలు సీటుకు మెత్తటి కవరు కుడదామని తీర్మానమైంది. పిన్ని దగ్గరున్న గుడ్డముక్కలన్నీ నేలమీదికి వచ్చాయి. ఒకరు స్పాంజి కత్తిరించారు, ఒకరు అంచు కుట్టారు. పక్కింటి బుడ్డోడు మధ్యలో పువ్వు కుడతానని పట్టుబట్టి, వేలికి సూది గుచ్చుకుని, కుట్టి చూపిస్తే అది అచ్చం పీతలా వచ్చింది. "పువ్వే" అన్నాడు వాడు. ఎవరూ కాదనలేదు.

మర్నాడు పిల్లలు ఎదురెళ్లి ఆ కవరు చేతికివ్వబోయారు.

"వద్దు."

"ఊరికే మామయ్యా!"

"ఊరికే అయితే అసలే వద్దు."

ఆయన మేడింటికి రిజిస్టర్డ్ పోస్టు ఇవ్వడానికి పైకి వెళ్లగానే పిల్లలు గుట్టుచప్పుడు కాకుండా ఆ కవరును సీటుకు కట్టేసి గోడచాటున నక్కారు. ఆయన దిగివచ్చి దాన్ని చాలాసేపు చూశాడు. ఓసారి నొక్కి చూశాడు. తర్వాత ముళ్లు విప్పి, బట్టలషాపు వాడికన్నా చక్కగా మడతపెట్టి, మూడో ఇంటి ముందు బెల్లు కొట్టాడు.

"పార్సిల్!"

"ఎక్కడి నుంచి?" అంది పిన్ని.

"ఇక్కడి నుంచేనమ్మా. చిరునామా తప్పు. పంపినవాళ్లకే తిరిగొచ్చింది."

పిన్నికి నవ్వొచ్చేదే. కానీ గోడచాటు నుంచి బుడ్డోడి వెక్కిళ్లు వినిపించాయి. "నా పువ్వు పీతలా ఉందనేగా వద్దన్నాడు!"

పోస్ట్‌మ్యాన్ మొహం పాలిపోయింది. ఏదో అనబోయాడు. నోట్లోంచి "వద్దు, ఏడవొద్దు" తప్ప మరేమీ రాలేదు. వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు.

ఆ సాయంత్రం పిన్ని సీటు కవరు చంకన పెట్టుకుని, దారి పొడవునా తిట్లు కూర్చుకుంటూ ఆయన ఇంటికి వెళ్లింది. ఆయన సైకిలు బాగుచేయించడానికి వెళ్లాడట. తలుపు తీసింది భార్య. కూర్చుకున్న తిట్లన్నీ ఆవిడకే దక్కాయి.

"పసివాడి మనసు కష్టపెట్టేంత పట్టుదలేంటి వదినా? మా చేతి నీళ్లు కూడా పనికిరావా?"

ఆవిడ తాపీగా కుర్చీ వేసింది. "ముందు కూర్చో. ఇదివరకు ఆయన వేరే వీధికి వెళ్లేవాడు. ఒకింట్లో నీళ్లిచ్చారు. అది చూసి పక్కింటివాళ్లు కాఫీ. ఆ పక్కవాళ్లు కాఫీతోపాటు బిస్కెట్లు. ఇంకొకళ్లు చొక్కా గుడ్డ పెట్టారు. ఈయన అన్నీ సంతోషంగా తీసుకున్నాడు. వీధి చివర ఒకామె, చిన్నపిల్లతో ఉండేది. ఇంట్లో ఇవ్వడానికి ఏమీ లేదు. ఈయన బెల్లు వినపడితే చాలు, తలుపు గడియ పడేది. ఓరోజు ఆవిడకి ఉద్యోగం వచ్చిన కాగితం పట్టుకుని ఎంత కొట్టినా తియ్యలేదు. కిటికీలోంచి చూస్తే పరదా కింద రెండు చిన్న పాదాలు కనపడ్డాయట, కదలకుండా."

పిన్ని చంకలోని సీటు కవరు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"కాగితం అందించాడులే. కానీ ఆ రోజు నుంచి ఎవరి దగ్గరా నీళ్లు కూడా ముట్టడు. ఏ ఇంట్లో ఏముందో మనకేం తెలుసు, నేను వస్తుంటే ఎవరూ దాక్కోకూడదు అంటాడు. అలవాటు ముదిరి నా దగ్గరా వద్దే! అన్నం పెట్టనా అంటే వద్దు. అందుకే 'కంచం తీసెయ్యనా?' అని అడుగుతాను. 'వద్దు' అంటాడు. వెంటనే వడ్డించేస్తాను."

పిన్ని పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు ఆ సీటు కవరు కుట్టుమిషను స్టూలు మీదికెక్కింది. "దీనిమీద నేను కూర్చుంటానురా, నీ పువ్వు అంత బాగుంది" అని పిన్ని బుడ్డోణ్ణి ఒప్పించింది. తర్వాత పిల్లలందరినీ పిలిచి చెప్పింది. "ఈసారి చేతుల్లో ఏమీ ఉండకూడదు. ఆయన మీకు చేసిన మంచి ఒకటి గుర్తుచేసుకుని, ఎవరి గేటు దగ్గర వాళ్లు నిలబడండి. అది అందరి దగ్గరా ఉంటుంది."

సైకిలు బెల్లు వినపడగానే పిన్ని ఎదురెళ్లింది. "అన్నయ్యా, పిల్లలు మీతో ఏదో చెప్పాలని ఒకటే గోల. నోరు మూసుకోమని తరిమెయ్యనా?"

"వద్దు వద్దు!" అన్నాడాయన. అనేశాక దొరికిపోయానని తెలిసింది.

పెద్దమ్మాయి ముందుకొచ్చింది. "పరీక్ష తప్పానన్న కవరు తెచ్చి, నేను ఏడుస్తుంటే వెళ్లిపోకుండా, చైను ఊడిందని మా గేటు దగ్గరే కూర్చున్నావు. అది ఊడలేదు మామయ్యా. నేను చూశాను. థాంక్స్."

ఎదురింటి పిల్లాడు అందుకున్నాడు. "మా తాతకి ఉత్తరం చదివేటప్పుడు బాబాయ్ రాసిన తిట్లన్నీ వదిలేసి చదివావు. తాత తర్వాత నాతో చదివించాడు. అమ్మో, ఎన్ని తిట్లో! థాంక్స్ మామయ్యా."

బుడ్డోడు ముక్కు తుడుచుకున్నాడు. "మా ఇంటి దగ్గర బెల్లు రెండుసార్లు కొడతావు. ఒకటి అమ్మకి, ఒకటి నాకు."

ఆయన వద్దు అనడానికి నోరు తెరిచాడు. రాలేదు. కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "ఆలస్యమవుతోంది" అంటూ సైకిలెక్కి నాలుగు తొక్కులు తొక్కాడు. ఆగాడు. కాలు నేలకాన్చి, సిగ్గుపడుతూ వెనక్కి తిరిగాడు.

"ఇంకెవరూ లేరా?"

"ఎందుకు లేరూ? నేనున్నా!" ఎదురింటి కిటికీలోంచి తాత గొంతు ఖంగుమంది. "లోపలికి రా. ఆ తిట్లు మింగేసినందుకు నీకు దండం పెట్టాలి, ఆ తర్వాత తగువూ పెట్టుకోవాలి!"

వద్దు మామయ్య సైకిలుకు స్టాండు వేశాడు.